ఒక్క మాటలో రాయండి

మా ప్రొఫెసర్ గారితో మాట్లాడటానికి నాకు రోజుకు పది నిమిషాలు దొరికేవి. సాయంత్రం నాలుగింటికి లోపలికి పోవాలి, నాలుగూ పదికి బయటికి రావాలి. గదిలో కిటికీలకు నల్లగుడ్డ, దాని మీద మందపాటి దుప్పటి. ఫ్యాను తిరగదు, ఆ చప్పుడు ఆవిడ తట్టుకోలేరు. అంత ఉక్కలో, అంత చీకట్లో, కళ్ళ మీద గుడ్డ కప్పుకుని వెల్లకిలా పడుకునే ఆవిడ మా ఫౌండేషన్‌ను నడిపేవారు.

నేను చెప్పదలుచుకున్నది మూడు వాక్యాల్లో చెప్పాలి. నాలుగోది మొదలుపెడితే ఆవిడ వేళ్ళు మంచం పట్టె మీద ఒకసారి తట్టేవి. ఇక చాలు అని. మాట వినడం కూడా ఆవిడకు ఒళ్ళు వంచి చేసే పనే. నేనేమో మాటల మనిషిని. చిల్లకూరు పక్క పల్లెలో, వరి పండించే ఇంట్లో పుట్టాను. గట్టు మీద నిలబడి అవతలి గట్టు మనిషితో మాట్లాడే గొంతు నాది. కోపమూ తక్కువేం కాదు. "నీ నోటికి తాళం వేసేవాడు యాడుండాడో" అనేది మా అమ్మ. వాడు దొరకలేదు, పెళ్ళీ కాలేదు. చివరికి ఆ తాళం ప్రొఫెసర్ గారే వేశారు.

మా జబ్బు గురించి ముందు చెప్పాలి. మా జబ్బు అంటే మేము పరిశోధించే జబ్బు. మనిషికి జ్వరం వస్తుంది, తగ్గిపోతుంది. జ్వరంతో పాటు పోయిన బలం మాత్రం తిరిగి రాదు. నెలలు గడుస్తాయి, ఏళ్ళు గడుస్తాయి. ఏ పరీక్ష చేసినా అంతా బాగానే ఉందని వస్తుంది. ఇంగ్లీషులో దీనికి సగం లైను పట్టే పేరుంది, తెలుగులో అసలు పేరే లేదు. ఇళ్ళల్లో పెట్టే పేర్లు మాత్రం ఉన్నాయి. సోమరితనం, దొంగ రోగం, నాటకం. ఇందులో అన్నిటికన్నా దుర్మార్గమైన సంగతి ఇంకొకటుంది. శక్తికి మించి పనిచేస్తే ఆ రోజు ఏమీ కాదు. రెండు మూడు రోజులు ఆగి మనిషి కుప్పకూలుతుంది. అలా కూలినవాళ్ళలో కొందరు మునుపటి స్థితికి కూడా మళ్ళీ రారు.

ప్రొఫెసర్ గారు మెడికల్ కాలేజీలో సూక్ష్మజీవుల శాస్త్రం చెప్పేవారు. ఆవిడకే ఈ జబ్బు వచ్చింది. పక్కగదిలో కూర్చునే డాక్టర్లే ఇదంతా మీ మనసులోనే ఉంది అని చెప్పి పంపించారట. ఆ మాట ఆవిడ నాతో ఒక్కసారే అన్నారు. ఉద్యోగం పోయాక కావలిలో చెల్లెలి ఇంట్లో మంచం మీద నుంచే, రోజుకు రెండు లైన్లు చెప్పి రాయించుకుంటూ, ఈ ఫౌండేషన్ పెట్టారు. మా వెబ్‌సైట్లో 'శాస్త్రవేత్తలు, నాయకత్వం' అని ఒక పేజీ ఉండేది. అది చూసినవాళ్ళు మాది పెద్ద భవనమనీ, తెల్లకోట్లు వేసుకున్న జనం అటూ ఇటూ తిరుగుతుంటారనీ అనుకునేవారు. తెల్లకోటు ఒక్కటే, అది నాది. రక్తం నమూనాలు చూసే బయోకెమిస్టును నేను. లెక్కలు చూసే ఆయన హైదరాబాదులో ఉంటాడు, ఫోను తెరమీద తప్ప ఎప్పుడూ కనిపించలేదు. ఊళ్ళు తిరిగి జనాన్ని ప్రశ్నలడగడానికి కావలి కాలేజీలో చదివిన ఇద్దరు అమ్మాయిలు. అంతే మా సైన్యం.

అద్దె మేడలో కింద ల్యాబు, పైన నా గది. ఐదింటికి అమ్మాయిలు బస్సెక్కి వెళ్ళిపోతే మళ్ళీ పొద్దున దాకా నాకు మనిషి మాట వినపడేది కాదు. రక్తం సీసాలు దాచే పెద్ద ఫ్రీజర్‌తో మాట్లాడేదాన్ని. "ఏంది నీ గోల" అని దాన్ని తిట్టేదాన్ని, అది గుర్రుమనేది. ఆదివారాలు ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని రైల్వే స్టేషన్లో కూర్చునేదాన్ని. ఎక్కడికీ పోవడానికి కాదు. నలుగురు మాట్లాడుకుంటుంటే వినడానికి. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం అనుకుంటారు. నాకైతే, చెప్పడానికి కడుపునిండా మాటలుండి మూడు వాక్యాలకు కోసుకోవడమే ఒంటరితనం. ప్రొఫెసర్ గారితో ఆరేళ్ళు కలిసి పనిచేసి ఒక్కపూటైనా కలిసి భోంచేయలేదు. ఆవిడ నవ్వుతారని తెలుసు, చీకట్లో రెండు మూడుసార్లు విన్నాను.

నన్ను పొట్టిగా మాట్లాడమంటే నేను ఊరుకుంటానా, నా కింది వాళ్ళ మాటలు కూడా కోశాను. సర్వే మొదలైన రోజు అమ్మాయిలు తెచ్చిన కాగితాలు చూస్తే ఒక్కో ప్రశ్నకు అరపేజీ జవాబు రాసుకొచ్చారు. ఆమె ఇలా అన్నది, వాళ్ళ ఆడబిడ్డ అలా అన్నది, నడుమ మేక తాడు తెంచుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"కథలు రాసుకు రమ్మన్నానా మిమ్మల్ని? ఇవన్నీ నేను మూడు ముక్కల్లో పైకి చెప్పుకోవాలి. జవాబు ఒక్క మాటలో రాయండి. ఒక్కటంటే ఒక్కటే."

వాళ్ళు తలూపారు. అప్పటినుంచి ఒక్క మాటే రాసుకొచ్చారు. నేను ఆ మాట చూసి కంప్యూటర్లో సంఖ్యగా మార్చేదాన్ని. ఆ పని వేరేవాళ్ళకు ఇవ్వలేదు, నాకంటే వేగంగా ఎవరూ చేయలేరని నా పొగరు.

మొదటి ప్రశ్న నేనే రాశాను. 'ఒంట్లో ఓపిక ఎలా ఉంది?' పుస్తకాల్లో ఉండే అలసట, నిస్సత్తువ లాంటి మాటలు వద్దని, మా అమ్మ జ్వరం నుంచి లేచినప్పుడు వాడే మాట పెట్టాను. జవాబుకు మూడు గళ్ళు. నిండుగా, సగం, లేదు. లోపలి పల్లెల్లో ఈ ప్రశ్న బాగా పనిచేసింది. కూలికి పోయే ఆడవాళ్ళు "ఓపిక యాడుందమ్మా, లేదు" అని తేల్చి చెప్పారు.

తర్వాత సముద్రం ఒడ్డున ఒక పాలేనికి వెళ్ళారు అమ్మాయిలు. చేపలు పట్టే కుటుంబాలు, ఇసకలో ఇళ్ళు. ఆ ముందటేడు అక్కడ ఇంటింటా విషజ్వరం వచ్చి పోయింది. మా జబ్బు ఎక్కడైనా దొరుకుతుందంటే అక్కడే దొరకాలి. కానీ కాగితాలన్నిట్లో ఒకటే జవాబు. నిండు. నిండు. నిండు.

హైదరాబాదు ఆయన ఫోన్ చేశాడు. "మేడమ్, ఈ ఊళ్ళో ఒక్కరు కూడా లేదు అనలేదు. ఇంత శుభ్రమైన ఊరు ఉండదు. ఒకసారి కాగితాలు తిరగేయండి" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. నేను మర్యాదగా వినలేదు. సముద్రం గాలి, తాజా చేప తిన్న ఒళ్ళు, నీకేం తెలుసు ఏసీ గదిలో కూర్చుని అన్నాను. నాలుగింటికి ప్రొఫెసర్ గారికి చెప్పాను. "పాలెం సర్వే అయింది. జబ్బు లేదు. వేరే ఊరికి పోదాం." సరిగ్గా మూడు వాక్యాలు. ఆ రోజు నా మీద నాకు భలే ముచ్చటేసింది.

ప్రొఫెసర్ గారిది ఒక నియమం. సర్వేలో జవాబు చెప్పి, రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ ఉత్తరం పోవాలి. వాళ్ళ దగ్గర తీసుకుని, మనకు తెలిసింది మన దగ్గరే దాచుకోకూడదు అనేవారు. అందుకని పాలెంలో ప్రతి ఇంటికీ ఉత్తరం వెళ్ళింది. మీకు ఈ జబ్బు లక్షణాలు లేవు, సంతోషం అని. కింద ఆవిడ సంతకం, ఫౌండేషన్ ముద్ర.

కొన్ని నెలల తర్వాత వేరే ఊరికి పోతూ దారిలో ఉంది కదా అని నేను ఆ పాలెంలో ఆగాను. సర్వే అమ్మాయిలు కూర్చుని కాఫీ తాగిన ఇల్లని చెబితే ఒక ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ఒక ముసలామె నెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది. ఫౌండేషన్ పేరు చెప్పగానే మొహం వెలిగింది. లోపలికి పోయి ఒక అట్ట తెచ్చింది. మా ఉత్తరం. ప్లాస్టిక్ తొడుగు వేయించి దాచింది.

"మీరే గదమ్మా రాసిచ్చినారు, నా కోడలు ఒళ్ళు బాగుండాదని. నాలుగు మంచి మాటలు చెప్పిపోండి దానికి. లేయకుండా ఉండాది."

వెనక వసారాలో ఒక చాప మీద కోడలు పడుకుని ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో. కళ్ళ మీదికి కొంగు లాక్కుని ఉంది. వెలుతురు చూడలేని మనిషి ఎలా పడుకుంటుందో నేను రోజూ నాలుగింటికి చూస్తూనే ఉన్నాను. పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగాను.

"ఎప్పటినుంచమ్మా ఇట్లా?"

"జరమొచ్చి పోయినకాడినుంచి. అప్పుడు లేసి తిరగతానే ఉండినా. మీ కాగితం వచ్చినాక..." అని ఆగింది. ఊపిరి తీసుకుంది. "బాగుండావంట గదా అని మళ్ళీ గంప ఎత్తినారు నెత్తికి."

ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి ఊళ్ళమ్మట అమ్ముకొచ్చేది ఆమె. ఉత్తరం రాకముందు అత్తే పోనీలే అని ఊరుకుంది. ఉత్తరం వచ్చాక నెల రోజులు మోసింది. ఒకరోజు రోడ్డు మీదే పడిపోయింది.

"మరి మా అమ్మాయిలు ఓపిక ఎలా ఉందని అడిగితే ఏం చెప్పావు?" నా గొంతులో కోపం ఉంది. ఆమె మీదే కోపం, సిగ్గు లేకుండా.

"చెప్పినా గదక్కా. నిండుకుందని."

మా ఇంట్లో బియ్యం అయిపోతే మా అమ్మ ఏనాడూ లేవు అనలేదు. బియ్యం నిండుకున్నాయి, తెప్పించండి అనేది. పసుపు నిండుకుంది, నూనె నిండుకుంది. లేదు అనే మాట ఇంట్లో పలకకూడదని నేను పాలతో పాటు తాగిన సంగతి.

"లేదు అని చెప్పొచ్చు గదమ్మా" అన్నాను.

జవాబు ముసలామె చెప్పింది. "మొగోళ్ళు నీళ్ళ మీద ఉండంగా ఇంట్లో ఆడది లేదు అంటదా? వాళ్ళు వచ్చినప్పుడు పొద్దున పది గంటలు. పడవలు యాడుండాయి అప్పుడు?" అంది, నాకు బుద్ధి లేదన్నట్టు చూస్తూ.

కావలి చేరగానే అసలు కాగితాలు తీశాను. మొదటిరోజు కాగితాల్లో, ప్రశ్నలు ఎలా పనిచేస్తాయో చూడటానికి ఆ అమ్మాయిల్లో ఒకతె ఇదే పాలెంలో అడిగి తెచ్చిన రెండు ఇళ్ళ జవాబులున్నాయి. 'నిండుకుందంట' అని పూర్తిగా రాసి ఉంది. నేను అరిచాక రాసుకొచ్చిన పాలెం కాగితాలన్నిట్లో 'నిండు'. ఒక్క మాట. వాళ్ళు రాసింది వాళ్ళకు తెలుసు. చదవాల్సింది నేను. మూడో గడిలో పడాల్సిన ఊరంతా మొదటి గడిలో పడేశాను. టేబులు మీద తలపెట్టి ఏడ్చాను. ఏడుస్తూ కూడా నాకు హైదరాబాదు ఆయన మర్యాద మాటలే గుర్తొచ్చాయి.

నాలుగింటికి లోపలికి వెళ్ళాను. "పాలెం లెక్క తప్పు మేడమ్. తప్పు నాది. మన ఉత్తరం నమ్మి ఒక మనిషి మంచాన పడింది."

వేళ్ళు తట్టలేదు. కాబట్టి ఇంకా చెప్పాను. నిండుకుంది అన్న మాట చెప్పాను, పది గంటల వేళ చెప్పాను, గంప సంగతి చెప్పాను. ఆరేళ్ళలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాను. ఆవిడ కదలకుండా విన్నారు. చివరికి, "ఉత్తరం మనది కాదు. సంతకం నాది" అన్నారు.

మళ్ళీ ఊరంతా తిరిగాం. ఈసారి జవాబులు పూర్తిగా రాశాం, కొత్త ఉత్తరాలు ఇచ్చాం. చాలా ఇళ్ళలో మా తప్పు విని నవ్వారు కూడా. చదువుకున్నోళ్ళకు తెలుగు రాదంట అని ఒకామె వీధి వీధంతా చెప్పి నవ్వించింది. ఆ ఒక్క ఇంట్లో మాత్రం ముసలామె కొత్త ఉత్తరం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అప్పుడు బాగుండాదని రాసినారు. ఇప్పుడు బాగాలేదంటుండారు. రెండిట్లోనూ ముద్ర ఒకటే. నేనేది నమ్మేదమ్మా?"

"ఇదే నిజం పెద్దమ్మా. ఆమెను కదపొద్దు. పడుకోనివ్వాలి."

"పండుకుంటే కాళ్ళు చచ్చుబడతాయని మా ఆరెంపీ డాక్టరు చెప్పినాడు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి నేనూ పక్కింటామె చెరో చెయ్యి పట్టుకుని నీళ్ళకాడికి నడిపిస్తుండాం. నా కోడలు నాకు కావాల. నేను మానను."

ఆమె దుర్మార్గురాలైతే నాకు తేలికగా ఉండేది. గట్టిగా దెబ్బలాడేదాన్ని. కానీ ఆమె కోడలి కాళ్ళకు నూనె రాస్తూ ఈ మాటలు చెబుతోంది. ఆ ప్రేమతోనే రోజుకు రెండుసార్లు ఆమెను ఇంకొంచెం కిందికి తోస్తోంది. నేను వెళ్ళిన ప్రతిసారీ కోడలి గొంతు తగ్గుతూ వచ్చింది. మూడోసారి వెళ్ళేసరికి గ్లాసు పట్టుకోలేకపోతోంది. ఇంకొన్ని వారాలు అలా నడిపిస్తే ఆమె మా ప్రొఫెసర్ గారి లాగే అవుతుంది, లేదా అంతకంటే దిగువకు పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, రుజువు చూపించడానికి నా దగ్గర ఒక కాగితం తప్ప ఏమీ లేదు. కాగితం విలువ నేనే పోగొట్టాను.

ఇదంతా నాలుగింటికి చెప్పాను. ప్రొఫెసర్ గారు ఒక్క మాట అన్నారు.

"నేను వస్తాను."

గుమ్మం దగ్గర నిలబడిన ఆవిడ చెల్లెలు లోపలికి వచ్చేసింది. "అక్కా, నీకేమన్నా మతి పోయినాదా? బాత్రూముకు పోయొస్తే రెండ్రోజులు కన్ను తెరవవు. అంతదూరం ఆ గతుకుల్లోనా?" అంది. చెల్లెలు నా వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి. మీ మాట వింటాది."

నిజమే, వినేవారు. ఈ జబ్బులో అలాంటి ప్రయాణం తర్వాత ఏం జరుగుతుందో ఆ గదిలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నెమ్మదిగా వద్దు మేడమ్ అంటే చాలు. కానీ ఆవిడ వస్తే ముసలామె నమ్ముతుంది. కోడలు బతుకుతుంది. నా తప్పు నా నెత్తి మీద నుంచి దిగుతుంది. ఇవి మూడూ ఏ వరసలో తోచాయో ఈ రోజుకీ ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. నేను పుట్టాక నోరు మూసుకున్న రోజు అదొక్కటే.

వ్యాను సీట్లు తీసి పరుపు వేశాం. చెవుల్లో దూది, కళ్ళకు నల్లగుడ్డ. హైవే దిగేదాకా బాగానే ఉంది. అక్కడినుంచి రొయ్యల గుంటల పక్కన గతుకుల రోడ్డు. ఆవిడ తల నా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ప్రతి గతుకుకూ ఆవిడ వేళ్ళు నా చీర కుచ్చెళ్ళు బిగించి పట్టుకునేవి. ఎంత తేలికగా ఉన్నారో, చంటిపిల్ల తల లాగా ఉంది. ఆరేళ్ళలో ఒక మనిషిని అంత దగ్గరగా పట్టుకోవడం నాకు అదే. ఆ దారంతా నాకు భయమూ ఉంది, సంతోషమూ ఉంది. సంతోషం ఉందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇసక మొదలైన చోట వ్యాను ఆగిపోయింది. అక్కడికి ఆ ఇంటి గుమ్మం ఇరవై అడుగులు. నేను వెళ్ళి ముసలామెను పిలుచుకొచ్చాను. వెనక తలుపు తీశాను. ఆమె లోపలికి తొంగి చూసి, "ఎవురమ్మా ఈయమ్మ?" అంది.

ప్రొఫెసర్ గారు చెయ్యి ఎత్తి కళ్ళ మీది గుడ్డ తీసేశారు. పట్టపగలు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, అయినా మూయలేదు. ఆవిడ మొహం వెలుతురులో చూడటం నాకూ అదే మొదలు. నేననుకున్నంత పెద్దావిడ కాదు.

"మొదటి కాగితం నాది," అన్నారు. "అది తప్పు. మీ కోడలికి జబ్బుంది. నాకున్నదే ఆమెకూ ఉంది. నన్ను కూడా నడిపించారు."

ఐదు వాక్యాలు. ముసలామె చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి లోపలికి చాపి, ఆవిడ పాదం పట్టుకుని, వేళ్ళతో పిక్క దాకా తడిమింది. కండ లేదు. కొంగుతో ఆవిడ కళ్ళు తుడిచి, ఆ గుడ్డ మళ్ళీ తనే కప్పింది.

ప్రొఫెసర్ గారు నా కోసం చెయ్యి తడిమారు. "ఆమెకు చెప్పు. నేను నమ్ముతున్నానని."

ఇసకలో పరిగెత్తి పోయి వసారాలో కోడలి చెవి దగ్గర ఆ మాట చెప్పాను. ఆమె పెదాలు కదిలాయి. వంగి విన్నాను. "ఆయమ్మను ఎండలో పెట్టబాకండక్కా." మళ్ళీ పరిగెత్తి వచ్చి ఇక్కడ చెప్పాను. ఇరవై అడుగుల దూరంలో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే జబ్బు, ఒకరినొకరు చూసుకోలేరు. నడుమ బలంగా పరిగెత్తగలిగేదాన్ని నేనొక్కదాన్నే. ప్రొఫెసర్ గారు ఆ మాట విని నవ్వారు. వెలుతురులో నవ్వు కూడా చూశాను.

మొదటిరోజు బాగున్నారు. రెండో రోజు నాలుగింటికి నాతో పాలెం ఇళ్ళ గురించి మాట్లాడారు కూడా. మూడో రోజు పొద్దున చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. అప్పటినుంచి ఆవిడకు మాట లేదు. మింగడం కూడా కష్టమైంది, సిరంజితో నోట్లో పోయాల్సిందే. ఇంతకు ముందు మంచం పట్టె మీద తట్టిన వేళ్ళు ఇప్పుడు లేవవు. చెల్లెలు నన్ను గదిలోకి రానివ్వడం లేదు, నేనూ అడగలేదు. ట్రస్టీలు ఫోన్లోనే సమావేశం పెట్టి నన్ను ఆవిడ కుర్చీలో కూర్చోమన్నారు. నిజానికి అక్కడ కుర్చీ ఏదీ లేదు. ఉత్తరాల కింద ఇప్పుడు నా సంతకం ఉంటుంది. ప్రతి కాగితం రెండుసార్లు, జవాబు మొత్తం చదువుతాను. ఎంత పొడుగ్గా మాట్లాడినా నన్ను ఆపేవాళ్ళు లేరు, చెప్పేదేమీ పెద్దగా ఉండటం లేదు.

మొన్న పాలెం వెళ్ళాను. కోడలు గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. కాసేపు కూర్చోగలుగుతోంది, గ్లాసు తనే పట్టుకుంటోంది. ఆ వీధిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే ముసలామె చీపురు తీసుకుని బయటికొస్తుంది. ఆరెంపీని గడప తొక్కనివ్వలేదట. నన్ను చూసి ఎండుచేపలు పొట్లం కట్టసాగింది.

"ఆయమ్మకు పెట్టు. ముళ్ళు లేనివే ఏరినా."

ఆవిడ ఇప్పుడు నమలలేరని, మాట కూడా లేదని, ఇక్కడికి వచ్చిపోయాక మూడో రోజు నుంచీ అంతేనని చెప్పాను. దాచాలనుకున్నాను గానీ, ఆ ఇంట్లో ఇంకొక తప్పుడు కబురు చెప్పడానికి నోరు రాలేదు.

పొట్లం కట్టే దారం ముసలామె చేతిలోనే ఉండిపోయింది. "ఇట్టా అవుతాదని ఎవురికీ తెలవదా?" అంది.

"తెలుసు."

"తెలిసి అంత దూరం ఎవురు రానిచ్చినారమ్మా? అడ్డం పడే మనిషే లేకపోయినాదా ఆ ఇంట్లో?"

"ఉన్నాను పెద్దమ్మా" అన్నాను. "నేనే."

ముసలామె దారం కింద పెట్టింది. లేచి పోయి కోడలి పక్కన కూర్చుని, ఆమె కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకుంది. నేను వెళ్ళొస్తానని చెబితే ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు.